శంఖం మీద నీడ

“ఇయాళ ఏదో ఒకటి అవుద్ది మావా. పొద్దున్నించి నా కుడికన్ను అదురుతున్నాది,” అంది కాసులమ్మ.

అప్పటికింకా ఏమీ కాలేదు. ఆరు కొట్టకుండానే ఎండ దీవి అంచున ఉన్న బాంబూఫ్లాట్ గట్టు దిగి వాకిట్లోకి వచ్చేసింది. ఆమె మొగుడు సత్యారావు ఫెర్రీలో ఖలాసీ. డ్యూటీకి ఖాకీ చొక్కా తొడుక్కుంటున్నాడు.

“నీ కన్ను అదరని రోజేదో చెప్పు. క్యాలెండర్లో చుట్టేసి పెడతాను,” అన్నాడు.

కాసులమ్మ నవ్వలేదు. కూతురు నూకరత్నం గడపలో కూర్చుని తన ప్రాక్టికల్ రికార్డును పాలిథిన్ కాగితంలో చుట్టి దారం కడుతోంది. బి.ఎ. మొదటి ఏడు, అందులో భూగోళం. ఆ వాడలో కాలేజీ మెట్టెక్కిన మొదటి ఆడపిల్ల. అందుకే ఆ పిల్ల కాలు జెట్టీకీ ఫెర్రీకీ మధ్య సందులోకి జారిపోతున్నట్టు కాసులమ్మకు రోజూ కనిపిస్తుంది. ఇంతవరకూ జారలేదు. జారని ప్రతి రోజూ మర్నాటి భయాన్ని ఇంకాస్త పెంచి పోతుంది.

“కమ్మీ పట్టుకుని దిగు. ఆ పుస్తకం తడవనీకు. సార్ ఏటన్నా ‘అలాగే సార్’ అను. ఎదురు మాటాడకు.”

“ఎందుకు మాటాడతానమ్మా? సెలవుల్లో రోజూ కొలిసి రాసినాను. క్లాసులో ఇంకెవ్వరూ కొలవలేదు.”

“అదే నా బయం,” అంది కాసులమ్మ.

వాళ్లిద్దరూ వెళ్లాక ఆమె తట్ట దించింది. ఉప్పులో ఊరిన కానాగంత చేపలను ఒకసారి నీళ్లు పోసి కడిగి, చీల్చిన వైపు పైకి ఉండేలా వెదురు మంచె మీద పరిచిన వలపై పేర్చింది. నెత్తళ్లను వేరే చాపమీద చల్లింది. చేపకు చేప తగలకూడదు. తగిలిన చోట చెమ్మ నిలుస్తుంది, చెమ్మ నిలిచిన చోట పురుగు పడుతుంది.

మంచె పక్కన ఒక గుంజ పాతి ఉంది. దానికి ఉత్తరాన, రెండు మూరల దూరంలో, సగందాకా నేలలో దిగేసిన తెల్లని శంఖం. అత్త ఎరుకమ్మ బతికుండగా పాతింది. పొద్దున పడమటి కంచె మీద పడే గుంజ నీడ జరుగుతూ జరుగుతూ శంఖం మీదికి వస్తుంది. వచ్చిన క్షణాన చేపలు తిప్పాలి. ముందు తిప్పితే లోపల పచ్చి ఉండిపోతుంది, ఆలస్యం చేస్తే పైతోలు బిగిసిపోతుంది. ఇరవై ఏళ్లలో కాసులమ్మ ఒక్కరోజు కూడా గడియారం చూసి చేపలు తిప్పలేదు.

క్రిస్మస్ సెలవుల్లో మాత్రం, నీడ శంఖం ఎక్కగానే ఆమె వాకిట్లోంచి కేక వేసేది: “నీడెక్కింది. టైమెంతే?” గోడగడియారం కింద పెన్సిలు పట్టుకుని కూర్చున్న రత్నం టైము చెప్పి, రాసుకునేది. మొదటి రెండు రోజులూ అదొక ఆట. తర్వాత, లోపల్నుంచి జవాబు వచ్చేదాకా చేపమీద చెయ్యి వెయ్యబుద్ధి అయ్యేది కాదు.

సాయంత్రం నాలుగున్నర ఫెర్రీకి రత్నం దిగింది. తడవలేదు, జారలేదు. కాసులమ్మ ఊపిరి పీల్చుకోబోయేంతలో ఆ పిల్ల చెప్పులు రెండూ రెండు దిక్కులకు విడిచేసి, రికార్డు తెచ్చి చేపల చాప పక్కన పడేసింది.

ఆ పేజీలో గుంజ బొమ్మ ఉంది, శంఖం బొమ్మ ఉంది, కింద పన్నెండు రోజుల పట్టిక. మొదటి రోజు పదకొండు పందొమ్మిది. చివరి రోజు పదకొండు ఇరవై నాలుగు. వాటన్నిటి మీదా ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రసిరా గీత. అడుగున ఎర్రగా ఇంగ్లీషు. కాసులమ్మ చదివింది ఐదో తరగతి, అదీ సగం హిందీలో. ఆమె చూపు ఇంగ్లీషు దాటి వెళ్లి పక్కనున్న అంకె దగ్గర ఆగింది.

“ఏటే ఇది?”

“సున్నా. ఏ భాషలోనైనా సున్నాయే.”

“మిగిలినోళ్లకో?”

“ఎనిమిది. అందరికీ ఎనిమిదే. పోయినేటి రికార్డుల్లో చూసి దించేసినారు, పన్నెండింటికి నీడ పొట్టిదవుద్ది అని. ఒక్కడూ పుల్ల పాతలేదు. ఇరవై తొమ్మిదో తారీకు రోజంతా వాన పడింది గుర్తుందా? ఆ రోజు కూడా ఎండ కాసీసింది వాళ్లకి. నేను ఆ గడి కాళీగా వదిలీసినాను.”

“నువ్వూ పన్నెండని రాసీసుంటే నీ చెయ్యేమైనా పోతాదా?”

“పన్నెండు కాదు కదమ్మా.”

“ఎవరికి కావాలే అది?”

రత్నం తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుంది. “ఇటు చూడు. భూమి గంటకి పదిహేను డిగ్రీలు తిరుగుద్ది. అంటే డిగ్రీకి నాలుగు నిమిషాలు. దేశం మొత్తానికి గడియారం ఒక గీత మీద పెట్టినారు. ఎనభై రెండున్నర డిగ్రీలు. ఆ గీత కాకినాడ పక్కనించి పోద్ది. మనమేమో తొంభై రెండు దాటి, దాని కన్నా పది డిగ్రీలు తూరుపుకి ఉన్నాం. పది నాలుగులెంత?”

“నలభై.”

“ఆ నలభై నిమిషాలు ముందే సూర్యుడు మన నెత్తికొస్తాడు. నీ శంఖం చెప్పేదీ అదే. ఈ పాఠం ఆయనే చెప్పినాడు. లండన్‌లో మజ్జాన్నం అయితే టోక్యోలో ఎంత, న్యూయార్కులో ఎంత, అన్నీ బోర్డు మీద కట్టించినాడు. మనూరికి కడితే తప్పంట.”

“ఆయనేటన్నారు?”

“ఎవరు చెప్పినారని అడిగినారు. మా అమ్మ చేపలు తిప్పే టైము సార్ అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వి, ‘అయితే నేనూ మీ అమ్మ దగ్గర ట్యూషన్‌కి రావాలేమో’ అన్నారు. రండి సార్, చాతమ్‌లో ఫెర్రీ ఎక్కితే పావుగంట అన్నాను. అప్పుడు మానీసినారు నవ్వడం.”

కాసులమ్మ కుడికన్ను మీద అరచెయ్యి అదుముకుంది.

మిగిలింది రత్నం ఒక్కొక్క ముక్కా ఉమ్మేసినట్టు చెప్పింది. గురువారం లోగా పేజీ తిరగరాయాలి. అమ్మో నాన్నో క్షమాపణ రాసి సంతకం పెట్టాలి. అప్పుడే రికార్డు చివర సార్ సంతకం. ఆ సంతకం లేకపోతే హాల్ టికెట్ లేదు, పరీక్ష లేదు, ఏడాది లేదు.

“నేను రాయను. నువ్వూ రాయొద్దు,” అంది.

“ఇంట్లో సంగతి ఇంట్లో ఉంచాల. మోసుకెళ్లి కాలేజీలో పోస్తారా? శంఖమంట, నేనంట. నా పేరెందుకు చెప్పినావే?” కాసులమ్మ మూత తీసి కుండ మీద కొట్టినట్టు పెట్టింది. కుండ చిట్లిందేమోనని వెంటనే తడిమి చూసుకుంది.

*

మర్నాడు రత్నం ముందు ఫెర్రీకి వెళ్లాక, కాసులమ్మ పక్కింటి కృపావతి దగ్గరికి వెళ్లింది. కృపావతి అబర్డీన్ బజార్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. ఆదివారం తెలుగు చర్చిలో బైబిలు చదివేదీ ఆమే. ఆ వాడలో ఇంగ్లీషు కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి.

“పిల్లకి చెప్పావా వదినా?” అంది కృపావతి పెన్ను విదిలిస్తూ.

“దానికి చెబితే కాగితం ముందే చింపీసుద్ది. నువ్వు రాయి. బాగా వంగి ఉండాల రాత.”

కృపావతి రాసి, తెలుగులో చదివి వినిపించింది. ‘అయ్యా, చదువులేని నా మాటలు నమ్మి నా కూతురు రికార్డులో తప్పుడు విషయం రాసింది. నేను చెప్పింది నిజం కాదు. దయచేసి మన్నించగలరు.’

“ఇంత వంగితే నడుం పడుద్దేమో వదినా,” అంది కృపావతి.

“పడనీ. దాని ఏడాది నిలబడితే చాలు.” కాసులమ్మ కింద తన పేరు తెలుగులో నాలుగక్షరాలు కూడబలుక్కుని రాసింది. పావుకిలో నెత్తళ్లు ఆకులో చుట్టి, పైన పాత పేపరు చుట్టి, ఉత్తరంతో పాటు సంచిలో పెట్టుకుంది. ఫెర్రీలో ఒకసారి, చాతమ్ దగ్గర బస్సులో ఒకసారి ఆ ఉత్తరం ఉందో లేదో తడిమి చూసుకుంది.

భూగోళం సార్ గణేశ్వరరావు తెలుగువాడని తెలిసి ఆమెకు సగం గుండె కుదుటపడింది. రెండేళ్ల కిందట సముద్రం అవతలి ఒడ్డు నుంచి వచ్చి ఓడ దిగాడు. కాలేజీలో ఆయన గదిలో బల్ల మీద భూగోళం నమూనా, గోడకు ప్రపంచ పటం. ఆయన కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. ఆయన ఉత్తరం చదివాడు, రెండోసారి కూడా చదివాడు.

“మీ అమ్మాయి తెలివైనదేనమ్మా. పొగరు ఎక్కువ. దీవుల పిల్లలందరూ ఇంతే, పద్ధతి నేర్పేవాళ్లు లేరు. మీ మాటే చూడండి, తెలుగులో సగం హిందీ.”

“అవును బాబూ.”

“మాది కాకినాడ. మా వీధిలో పన్నెండింటికి మిల్లు సైరన్ మోగేసరికి మా అరుగు మీది స్తంభం నీడ గీత గీసినట్టు సూటిగా పడేది. చిన్నప్పట్నుంచి కళ్లారా చూశాను. సూర్యుడు అక్కడొకడూ ఇక్కడొకడూ ఉండడు కదా?”

“ఉండడు బాబూ.”

“అదీ. అమ్మాయిని పేజీ తిరగరాసి గురువారం తెమ్మనండి.” నెత్తళ్ల పొట్లం ఆయన ముట్టుకోలేదు. బల్ల చివరకు స్కేలుతో నెట్టాడు.

వచ్చే దారిలో బస్సు కిటికీలోంచి సముద్రం తళతళలాడింది. పని అయిపోయింది. అయినా కాసులమ్మకు లోపల ఏదో ముల్లులా కదులుతోంది. ఎక్కడ గుచ్చుకుందో తెలియలేదు. ఇంటికి వచ్చేసరికి నీడ శంఖం దాటి చాలాసేపయింది. కానాగంతల తోలు బిగిసింది.

సాయంత్రం రత్నం వచ్చింది. చెప్పులు విసరలేదు. జత కలిపి గోడవార పెట్టింది. అది చూసి కాసులమ్మ చేతిలో తట్ట దించేసింది.

“ఏటయిందే?”

పిల్ల కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, గడియారం కింద గోడ వైపు తిరిగి కూర్చుంది. జరిగింది రాత్రి అన్నం దగ్గర సత్యారావు చెప్పాడు. అతనికి ఫెర్రీలో కాలేజీ పిల్లలు చెప్పారు. గణేశ్వరరావు రెండింటి క్లాసులో ఆ ఉత్తరం పైకి చదివాడు. ‘చదువులేని నా మాటలు నమ్మి’ అన్న చోట ఆగి, మళ్లీ చదివాడు. రత్నాన్ని నిలబెట్టి చదివాడు.

“క్లాసులో చదవమని నేను ఇచ్చినానా?” అంది కాసులమ్మ.

*

బుధవారం రత్నం కాలేజీకి వెళ్లలేదు. తిట్టలేదు, ఏడవలేదు. చెప్పిన పనల్లా చేసింది. నీళ్లు తెచ్చింది, బియ్యం ఏరింది. నోరు మాత్రం తెరవలేదు. తిరగరాయాల్సిన పేజీ తెల్లగా ఒళ్లో పెట్టుకుని గోడ వైపే కూర్చుంది.

కాసులమ్మ మంచె దగ్గర ఒంటరిగా తిట్టుకుంది. పిల్లని తిట్టింది, దాన్ని కాలేజీలో వేసిన మొగుణ్ణి తిట్టింది, శంఖం పాతిన అత్తనీ తిట్టింది. ఇక రేపు హాల్ టికెట్ ఇవ్వరు. ఎల్లుండి దీన్ని కాలేజీ మానిపించాలి. అటుపైన ఈ పిల్ల ఇలాగే మూగదైపోయి జీవితమంతా గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. అంతవరకూ చూసేసింది ఆమె. ఈలోగా నీడ శంఖం అంచును తాకింది. మధ్యకు వచ్చింది.

“నీడెక్కింది. టైమెంతే?”

గడియారం టిక్కుటిక్కులు వాకిలి దాకా వినపడుతున్నాయి.

“రత్నం. టైమెంత?”

ఈగలు చేపల మీద వాలాయి. కాసులమ్మ చేతులు పైటకు తుడుచుకుని తనే లోపలికి వెళ్లింది. కూతురి తల మీదుగా చూసింది. పదకొండు ఇరవై ఆరు.

మధ్యాహ్నం సత్యారావు భోజనానికి వచ్చాడు. కంచం ముందు పెడుతూ అడిగింది, “మావా, ఈ గడియారం తప్పు నడుస్తాందేమో?”

“రోజూ జెట్టీ టైము చూసి నేనే తిప్పుతాను. జెట్టీ టైము రేడియో టైము. అరనిమిషం తేడా ఉండదు.” అతను ముద్ద కలుపుతూ ఆగాడు. “పెద్ద ఓడల్లో కెప్టెన్లు మిట్టమజ్జాన్నం సూర్యుణ్ణి పట్టి చూస్తారు. ఏ ఊరి మజ్జాన్నం ఆ ఊరిదే అంటారు. పిల్ల చెప్పిందాంట్లో తప్పేటీ లేదు.”

“మరి నిన్ననే చెప్పలేదేం?”

“నన్నడిగినావా? సంతకం నువ్వు పెట్టినావు, నేను పెట్టలేదు.”

కాసులమ్మకు ఒళ్లు మండింది. జవాబు చెప్పకుండా వాకిట్లోకి వచ్చింది. గుంజ నీడ అప్పటికే తూర్పుకు పొడుగై కోళ్లగూడు మీద పాకుతోంది. దాన్ని చూస్తూ నిలబడింది. కాకినాడ పక్కనుంచి గీత పోతుందని పిల్ల చెప్పింది. కాకినాడలో పన్నెండింటికి నీడ సూటిగా పడేదని సార్ చెప్పాడు. రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది, చేపను చేప పక్కన పెట్టినట్టు.

ఆయన అబద్ధమాడలేదు. గీత పక్కనున్న ఆయన అరుగు మీది నీడ ఆయన చూశాడు. నా వాకిట్లో నీడ నేను చూశాను. ఆయన నీడని నేను కాదనలేదే. నా నీడనే నేను కాదని కాగితం రాసిచ్చాను. నేను చెప్పింది నిజం కాదు అని. ఇరవై ఏళ్లు ఆ నీడ చూసి తిప్పిన చేప తిని ఈ పిల్ల పెరిగింది. దాన్ని నిలబెట్టి, అది నిజం కాదని చదివించాను.

ముల్లు ఎక్కడుందో ఇప్పుడు తెలిసింది. కోపం కాళ్ల లోంచి పైకి వచ్చింది. దాంతో పాటే భయం కూడా వచ్చింది, రోజూ వచ్చేదే. కాసులమ్మ భయాన్ని పొమ్మనలేదు. పొమ్మంటే పోయే రకం కాదది. వెంట రానిచ్చింది.

*

గురువారం పొద్దున్నే చేపలు ఎండకు వేసి, “నీడ చూసి తిప్పు,” అని రత్నంతో చెప్పి, రికార్డు సంచిలో పెట్టుకుని బయలుదేరింది. ఎక్కడికని రత్నం అడగలేదు. తల మాత్రం ఇటు తిప్పింది.

కాలేజీ చేరేసరికి పదిన్నర దాటింది. గణేశ్వరరావు పన్నెండు దాకా క్లాసులో ఉంటాడని అటెండరు జోగులు చెప్పాడు.

“ఆ రోజు మీ నెత్తళ్లు నాకిచ్చీసినాడు దీదీ. వాసనంట. మా ఇంట్లో రెండ్రోజులు పండగ,” అన్నాడు.

కాలేజీ ముందు గులకరాళ్లు పరిచిన జాగాలో జెండా స్తంభం ఉంది. కాసులమ్మ చాలాసేపు దాని నీడను చూస్తూ నిలబడింది. ఇక్కడ శంఖం లేదు. మెల్లగా వెళ్లి, నీడ కొస దగ్గర ఒక తెల్ల రాయి పెట్టింది.

“ఏటిది, గవ్వలాటా?” అన్నాడు జోగులు.

“వరండాలో గడియారం కనబడుతుంది కదా నీకు? నేను చెయ్యెత్తినప్పుడల్లా టైము చెప్పు భయ్యా. పుణ్యముంటాది.”

నవ్వుకుంటూనే జోగులు వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యెత్తింది, అతను టైము చెప్పాడు, ఆమె రాయి పెట్టింది. ఐదు రాళ్లయ్యేసరికి అతను నవ్వడం మానేసి ముందుకు వంగాడు. నీడ దగ్గరికి వస్తోంది, వస్తోంది. ఒకచోట ఇక రానంది. ఆమె అక్కడ పెద్ద రాయి పెట్టి చెయ్యెత్తింది.

“పదకొండు ఇరవై ఆరు,” అన్నాడు జోగులు. మెట్టు దిగి వచ్చి రాయి చూశాడు, స్తంభం చూశాడు, తలెత్తి సూర్యుణ్ణి చూడబోయి కళ్లు మూసుకున్నాడు. “అరే,” అని గొణిగాడు. “పాతికేళ్లయింది ఇక్కడ గంట కొడుతూ.”

తర్వాత పెట్టిన ప్రతి రాయీ స్తంభానికి కొంచెం కొంచెం దూరమైంది, తూర్పుకు జరిగింది. పన్నెండుకు గంట కొట్టాల్సింది జోగులే. కొట్టి వచ్చి పక్కన నిలబడ్డాడు. క్లాసులోంచి పిల్లలు బయటికి వచ్చారు. వాళ్ల వెనక హాజరు పట్టీ చంకలో పెట్టుకుని గణేశ్వరరావు.

“మళ్లీ ఎందుకొచ్చారమ్మా? అమ్మాయి తిరగరాసిందా?”

“లేదు బాబూ. ఒక్కసారి ఇటు రండి.” కాసులమ్మ రాళ్ల వరుస చూపించింది. “ఇప్పుడు పన్నెండయింది. మీరు చెప్పిన టైమే. ఈ నీడ పొట్టిగా ఉండాల కదా. ఆ పెద్ద రాయి కన్నా జానెడు పొడుగుంది. గజం జరిగిపోయింది కూడా.”

ఆయన రాళ్ల వైపు చూడనట్టే నడిచాడు. కానీ పెద్ద రాయి దగ్గర ఆయన అడుగు సగంలో ఆగి, మళ్లీ పడింది. కాసులమ్మ చూసింది. మెట్ల మీద పిల్లలు కూడా చూశారు. ఆ రోజు నవ్విన పిల్లలే. ఇప్పుడెవరూ నవ్వలేదు.

ఆమె ఆయన వెనకే గదిలోకి వెళ్లింది.

“ఆ కాగితం ఇచ్చీండి బాబూ.”

“అది ఫైల్లో పెట్టేశాను.”

“ఫైల్లోంచి తియ్యండి. అందులో అబద్ధం ఉంది. సంతకం నాది కాబట్టి అబద్ధమూ నాదే.”

“చూడమ్మా, అది లేకపోతే రికార్డు మీద నా సంతకం ఉండదు. పిల్ల ఏడాది పోతుంది. ఆలోచించారా?”

“నాలుగు రోజుల్నించి అదే ఆలోచిస్తున్నాను. ఇంకోటి ఆలోచించడం నాకు చేతకాదు.” కాసులమ్మ రికార్డు తీసి, ఎర్రగీత ఉన్న పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. “సంతకం పెట్టకపోతే పెట్టకండి. ఎందుకు పెట్టలేదో మాత్రం ఇక్కడ రాయండి. ఈ ఊళ్లో సూర్యుడు పన్నెండింటికే నడినెత్తికొస్తాడు, ఈ పిల్ల రాసిన టైముకి రాడు, అని రాయండి. కింద మీ పేరు రాసి తారీకు వెయ్యండి. అది పట్టుకుని నేను పోతాను.”

“పట్టుకెళ్లి ఎవరికి చూపిస్తారు?”

“తెల్దు బాబూ. చదువుకున్నోళ్లు ఎవరో ఒకరుంటారు కదా. ఓడ కెప్టెన్లకి తెలుస్తాదంట.”

గణేశ్వరరావు ముఖం ఎర్రబడింది. పెన్ను మూత తీశాడు. పేజీ మీద ఇంగ్లీషులో రెండు మాటలు రాసి ఆగాడు. గుమ్మంలో జోగులు కూజా పట్టుకుని నిలబడ్డాడు, నీళ్లు పోయడానికి వచ్చినట్టు. పొయ్యలేదు. ఆయన పెన్ను పేజీ మీదనుంచి జరిగి, బల్ల మీద పరిచిన అట్ట మూలకు వెళ్లింది. చిన్న అంకెలు వేసింది. తొంభై రెండు. దాని కింద ఎనభై రెండు. గీత. పది. పక్కన నాలుగు.

ఇంగ్లీషు రాకపోయినా పది నాలుగులు ఎంతో కాసులమ్మకు తెలుసు. ఆయన జవాబు వెయ్యకుండానే మోచెయ్యి ఆ అంకెల మీద ఆనించాడు.

ఆయన రాసిన రెండు మాటలు కొట్టేశాడు. రికార్డు చివరి పేజీ తిప్పి సంతకం పెట్టాడు. ఫైలు తీసి, ఉత్తరం లాగి, బల్ల మీదుగా తోశాడు.

“మరి ఆ సున్నా?”

“మార్కులు రిజిస్టర్లో ఎక్కేశాయి.”

“ఎక్కించిన చెయ్యి దించలేదా బాబూ?”

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కాసులమ్మ పేజీ చివరి వరుస మీద వేలు పెట్టింది. “ఇక్కడ పిల్ల ఒక ప్రశ్న రాసింది, రాసిన రోజే నాకు చదివి చెప్పింది. నీడెక్కే టైము పన్నెండు రోజుల్లో ఐదు నిమిషాలు ఆలస్యమైపోయింది, ఎందుకో తెలియలేదు, సార్‌ని అడగాల అని. దాన్ని కూడా కొట్టీసినారు. తప్పో ఒప్పో తర్వాత. అడిగిందానికి గీత పెడతారా?”

ఆమె రికార్డు పాలిథిన్ కాగితంలో చుట్టి, దారం రెండు ముళ్లు వేసింది. వరండాలోకి వచ్చాక మెట్టు మీద కూర్చుండిపోయింది. జోగులు కూజా లోంచి ఆమె దోసిట్లో నీళ్లు పోశాడు. సగం చీర మీదే పోయాయి.

*

ఆ సాయంత్రం రత్నం రికార్డు తెరిచి చూసింది. ఎర్రగీత అలాగే ఉంది, సున్నా అలాగే ఉంది, కొట్టేసిన రెండు ఇంగ్లీషు మాటలు కొత్తగా ఉన్నాయి. చివరి పేజీలో సంతకం ఉంది. తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది. తల్లి వైపు చూసింది.

“అడుగు, చెబుతాను,” అంది కాసులమ్మ.

అడగలేదు. ఈ పిల్ల ఇక మాట్లాడదని ఆమె నిశ్చయించేసుకుంది.

శుక్రవారం కూడా రత్నం ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున ఆఫీసుకు పోతూ కృపావతి నెత్తళ్ల కోసం వచ్చింది. కాసులమ్మ గుప్పెడు గుప్పెడుగా పోసి, సంచిలోంచి మడత కాగితం తీసి అందులో చుట్టి ఇచ్చింది. కృపావతి పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తన రాత తాను గుర్తుపట్టింది.

“నా ఇంగ్లీషుకి ఇన్నాళ్లకి ఉప్పు తగిలింది వదినా,” అని వెళ్లిపోయింది.

లోపల చాప కదిలిన చప్పుడయింది. కాసులమ్మ అటు చూడలేదు. కానాగంతల వరుస సవరించింది. నీడ కంచె దిగి, గులకల మీదుగా, తట్ట పక్కనుంచి మెల్లగా వచ్చింది. శంఖం అంచును తాకింది. రేపు ఆ సార్ మనసు మారి సంతకం లేదంటే? హాల్ టికెట్టు పోస్టులో పోతే? పరీక్ష రోజున ఫెర్రీ చెడితే? ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుండగా నీడ శంఖం నడుమకు వచ్చి నిలిచింది.

“నీడెక్కింది,” అంది. “టైమెంతే?”

గడియారం చప్పుడు. ఈగల చప్పుడు. జెట్టీ వైపు నుంచి ఫెర్రీ కూత పెట్టి, ఆగింది. కాసులమ్మ మొదటి చేప తోక పట్టుకుని, తిప్పకుండా అలాగే ఉంది. నీడ శంఖం మీద నుంచి వెంట్రుక వాసి జరిగిందేమోనని కూడా అనిపించింది.

లోపల పెన్సిలు నేల మీద దొర్లింది. ఎవరో దాన్ని తీశారు.

“పదకొండు ఇరవై ఏడు,” అంది రత్నం.